ఎం ప్రోటీన్ తగ్గింది, మైలోమా పెరిగింది: ఒక కేసు వివరం

మైలోమా అంటే ఎముక మజ్జలోని ప్లాస్మా కణాల క్యాన్సర్. ఆ రోగి ఫైలు చేతికి రాగానే మా కళ్లు ముందుగా వెతికేది ఎం ప్రోటీన్ అంకెను, అంటే ఆ కణాలు రక్తంలోకి వదిలే ఒకే రకం యాంటీబాడీ మొత్తాన్ని. అది తగ్గితే మందు పనిచేస్తున్నట్టు, పెరిగితే జబ్బు తిరగబెట్టినట్టు. చాలామంది రోగుల విషయంలో ఈ లెక్క సరిపోతుంది. ఈ కేసులో మాత్రం అంకె నెలనెలా తగ్గుతూ వచ్చింది, మనిషి నెలనెలా నీరసించిపోతూ వచ్చారు. రెండింటికీ మూలం ఒకటే అని నా అభిప్రాయం: మందు పెట్టిన ఒత్తిడిని తట్టుకోవడానికి క్యాన్సర్ కణం వెతుక్కున్న దారి. దానివల్ల మా నిర్ణయాలు ఒక్కో దశలో ఎలా మారాయో ఇక్కడ రాస్తున్నాను. రోగిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. నిర్ణయాలు అర్థం కావడానికి అవసరమైన అంకెలు మాత్రం ఉంచాను.

నేపథ్యం

యాభై దాటిన రైతు. ఏడాదిగా నడుము నొప్పి. డిస్కు జారిందని ఒకరు, వయసు ప్రభావమని ఒకరు చెప్పారు. ఈలోగా మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు రోజూ పడుతూనే ఉన్నాయి. చివరికి ఒక ఫిజీషియన్ రక్తపరీక్షల కాగితంలో అందరూ దాటేసిన ఒక వరుస దగ్గర ఆగారు. మొత్తం ప్రోటీన్ 11.4 గ్రాములు, అందులో అల్బుమిన్ 3.1 మాత్రమే. మిగిలిన 8 గ్రాములకు పైగా గ్లోబ్యులిన్ ఎక్కడి నుంచి వచ్చినట్టు? ఆ ప్రశ్నతోనే ఆయనను మా విభాగానికి పంపారు.

వచ్చేసరికి హిమోగ్లోబిన్ 7.9, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.3, కాల్షియం 11.6. ఎలక్ట్రోఫొరెసిస్‌లో (రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూపే పరీక్ష) 5.6 గ్రాముల ఎం ప్రోటీన్, యాంటీబాడీ రకం ఐజీజీ కప్పా. ఎముక మజ్జలో అరవై శాతం ప్లాస్మా కణాలు. పుర్రెలో, వెన్నుపూసల్లో, తుంటి ఎముకలో రంధ్రాలు. రోగ నిర్ధారణ విషయంలో చర్చించడానికి ఏమీ మిగలలేదు.

మొదటి నిర్ణయం మూత్రపిండాల చుట్టూ తిరిగింది. బోర్టెజోమిబ్, లెనాలిడొమైడ్, డెక్సామెథసోన్ కలిపి ఇవ్వడం మాకు అలవాటైన పద్ధతి. అయితే లెనాలిడొమైడ్ శరీరం నుంచి బయటికి పోవలసింది మూత్రపిండాల ద్వారానే. క్రియాటినిన్ 2.3 ఉన్న మనిషికి దాన్ని మొదలుపెడితే మోతాదు లెక్కలతోనే తలనొప్పి. బోర్టెజోమిబ్‌కు ఆ ఇబ్బంది లేదు, పైగా యాంటీబాడీలోని చిన్న భాగాలైన లైట్ చెయిన్లను త్వరగా తగ్గించి మూత్రపిండాలకు ఊపిరినిస్తుంది. అందుకే ముందు సైక్లోఫాస్ఫమైడ్‌తో జతచేసి మొదలుపెట్టి, క్రియాటినిన్ 1.3కి దిగాక లెనాలిడొమైడ్‌కు మార్చాం. బోర్టెజోమిబ్‌ను వారానికి ఒకసారి చర్మం కింద ఇచ్చాం. నరంలోకి ఇచ్చేదానికన్నా చర్మం కింద ఇస్తే అరికాళ్ల తిమ్మిరి తక్కువని 2011లో వచ్చిన పోలిక పరీక్ష తేల్చింది. పొలం గట్ల మీద నడిచే మనిషికి అరికాళ్ల స్పర్శ చిన్న విషయం కాదు.

ఎం ప్రోటీన్ 0.3కి పడిపోయింది. మూలకణాల మార్పిడి గురించి వివరంగా మాట్లాడాం. కుటుంబం వాయిదా వేసింది, తర్వాత వద్దంది. లెనాలిడొమైడ్ 10 మిల్లీగ్రాముల మీద కొనసాగించాం. రెండేళ్లకు పైగా ఆయన తన పనులు తాను చేసుకున్నారు.

బోర్టెజోమిబ్ ఎందుకు పనిచేస్తుంది

తర్వాత జరిగినది అర్థం కావాలంటే ఈ మందు ఏం చేస్తుందో తెలియాలి. ప్లాస్మా కణం పని యాంటీబాడీలు తయారుచేయడం. ఒక్కో కణం సెకనుకు వేల అణువులు తయారుచేస్తుంది. ఇంత వేగంలో కొన్ని ప్రోటీన్లు సరిగా మడత పడవు. అలాంటివి కణంలో ప్రోటీన్లు మడతపడే చోటైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ నుంచి బయటికి వస్తే, వాటిని ముక్కలు చేసే యంత్రం ప్రోటీసోమ్. బోర్టెజోమిబ్ ఆ యంత్రానికి అడ్డుపడుతుంది.

రోగి కుమారుడు మొదట్లో ఒకసారి, "డాక్టర్ గారూ, ఈ మందు క్యాన్సర్ కణాన్నే ఎలా పట్టుకుంటుంది, మంచి కణంలో కూడా ఆ యంత్రం ఉంటుంది కదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. వాళ్ల ఊళ్లో రైస్ మిల్లు ఉందని తెలుసు కాబట్టి దానితోనే చెప్పాను. రోజుకు నాలుగు బస్తాలు ఆడే చిన్న మిల్లులో ఊక ఎత్తేవాడు రాకపోయినా వారం గడుస్తుంది. రాత్రింబవళ్లు ఆడే పెద్ద మిల్లులో ఊక ఎత్తడం ఆగితే పూట తిరక్కుండానే మిల్లు ఆగిపోతుంది. మైలోమా కణం ఆ పెద్ద మిల్లు. ఇటలీ పరిశోధకులు 2009లో చూపించింది ఇదే. ప్రోటీసోమ్ మీద పడే భారానికీ దాని సామర్థ్యానికీ మధ్య ఉన్న తూకమే ఆ కణం బోర్టెజోమిబ్‌కు లొంగుతుందా లేదా అన్నది నిర్ణయిస్తుంది.

కణం ఊరికే చచ్చిపోదు. మడత పడని ప్రోటీన్లు పేరుకోగానే దాని లోపల మూడు హెచ్చరికలు మోగుతాయి. పెర్క్ అనే ప్రోటీన్ కొత్త ప్రోటీన్ల తయారీని తాత్కాలికంగా తగ్గిస్తుంది. ఐఆర్ఈ1 అనేది ఎక్స్‌బీపీ1 అనే ప్రోటీన్ తయారీ సందేశాన్ని కత్తిరించి అతికించి, మడతపెట్టే సహాయక ప్రోటీన్లను పెంచుతుంది. ఏటీఎఫ్6 కూడా అదే దిశలో పనిచేస్తుంది. ఈ మొత్తాన్ని అన్‌ఫోల్డెడ్ ప్రోటీన్ రెస్పాన్స్ అంటారు. దీని మూలాలను వెలికితీసినందుకు పీటర్ వాల్టర్‌కూ కజుతోషి మోరికీ 2014లో లాస్కర్ బహుమతి వచ్చింది. ఒత్తిడి కొంతవరకే ఉంటే ఈ ఏర్పాటు కణాన్ని నిలబెడుతుంది. హద్దు దాటితే అదే ఏర్పాటు చాప్ అనే ప్రోటీన్‌ను పెంచి కణాన్ని చావువైపు నెడుతుంది. బోర్టెజోమిబ్‌తో మేము చేయాలనుకునేది కణాన్ని ఆ హద్దు దాటించడమే.

మొదటి తిరగబెట్టడం

లెనాలిడొమైడ్ మీద ఉండగానే ఎం ప్రోటీన్ మెల్లగా 2.6కి పెరిగింది. మైలోమా కణం మీది గుర్తును పట్టుకునే యాంటీబాడీ మందు డారటుముమాబ్. దాని ఆధారిత చికిత్స మంచిదని చెప్పాను. ఖర్చు కుటుంబం మోయగలిగేది కాదు. బోర్టెజోమిబ్ జనరిక్‌గా అందుబాటు ధరకు దొరుకుతోంది. పైగా ఆ మందు మీద ఉండగా ఆయనకు జబ్బు పెరగలేదు. మంచి స్పందన వచ్చాక ఆపాం, ఆపి ఏడాది దాటింది. అలాంటప్పుడు అదే మందుకు తిరిగి వెళ్లడం ఆమోదించదగిన దారే. సైక్లోఫాస్ఫమైడ్, డెక్సామెథసోన్‌తో కలిపి మళ్లీ ఇచ్చాం.

2.6 నుంచి 1.5కి, తర్వాత 1.1కి, తర్వాత 0.7కి. కాగితం మీద చూస్తే మంచి గీత.

అసలు సమస్య

నాలుగో సైకిల్ (మందుల విడత) తర్వాత హిమోగ్లోబిన్ 10.4 నుంచి 8.8కి వచ్చింది. కుడి పక్కటెముకల దగ్గర కొత్త నొప్పి. రాత్రి ఆ వైపు తిరిగి పడుకోలేకపోతున్నారు. ఎల్‌డీహెచ్ (జబ్బు జోరు పెరిగితే రక్తంలో పెరిగే ఎంజైము) సాధారణ పరిమితిని దాటింది. ఆయన భార్య ఫైలును బల్లమీద పెట్టి, "రిపోర్టు బాగుందని మీరే అన్నారు కదండీ. మరి ఈయన ఇలా ఎందుకు అయిపోతున్నారు?" అన్నారు. ఆ రోజు క్లినిక్‌లో వినిపించిన మాటల్లో అన్నిటికన్నా పదునైనది అదే.

ఇలాంటి చోట ఊహకు వెంటనే తట్టిన జవాబుకు అతుక్కుపోకూడదు. ఒక్కో అవకాశాన్నీ తీసుకుని అది అన్ని ఆధారాలకూ సరిపోతుందా అని చూశాం.

మందుల వల్ల వచ్చిన రక్తహీనతా? తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఆ మేరకు తగ్గలేదు. ఐరన్, బి12 సరిగానే ఉన్నాయి. మూత్రపిండాలు స్థిరంగా ఉన్నాయి. పైగా మందుల వల్ల వచ్చే రక్తహీనత పక్కటెముకకు నొప్పి తేదు.

ఆహారం, పైమందులు? కుమారుడు తండ్రి బలం కోసమని గ్రీన్ టీ గుళికలు, విటమిన్ సి మాత్రలు తెప్పించి ఇస్తున్నాడని అడిగితే తెలిసింది. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. బోర్టెజోమిబ్‌లో బోరాన్ ఉంది, అది ప్రోటీసోమ్‌కు అతుక్కోవడానికి ఆధారం ఆ బోరానే. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం నేరుగా ఆ బోరాన్‌ను పట్టేసుకుని మందు పనిచేయకుండా చేస్తుందని 2009లో కణాల మీదా ఎలుకల మీదా చూపించారు. విటమిన్ సి మీద కూడా అలాంటి ఫలితాలే ఉన్నాయి. గుళికలు, మాత్రలు ఆ రోజే ఆపించాం. కానీ ఇదే అసలు కారణమైతే ఎం ప్రోటీన్ పెరగాలి. ఇక్కడ తగ్గింది. ఈ వివరణ సగానికే సరిపోయింది.

లైట్ చెయిన్ ఎస్కేప్? కొన్ని మైలోమా కణాలు తిరగబెట్టినప్పుడు పూర్తి యాంటీబాడీ తయారుచేయడం మానేసి లైట్ చెయిన్లను మాత్రమే వదులుతాయి. అప్పుడు ఎం ప్రోటీన్ తక్కువగా, రక్తంలో విడిగా తిరిగే లైట్ చెయిన్, ఈయన విషయంలో ఫ్రీ కప్పా, చాలా ఎక్కువగా కనిపిస్తుంది. ఇది బాగా నమ్మదగిన అనుమానం కాబట్టి వెంటనే ఆ పరీక్షకు రక్తం పంపించాం. కప్పా కొద్దిగా పెరిగిందే తప్ప ఈ లక్షణాలను మోయగలిగేంత కాదు.

మిగిలింది ఒకటే: జబ్బు ఉంది, కానీ స్రవించడం లేదు. ఇక రక్తంలో వెతికి లాభం లేదు. జబ్బు చురుగ్గా ఉన్న చోట్లను చూపే పెట్ స్కాన్, మజ్జ పరీక్ష రెండూ అడిగాం. స్కాన్‌లో పక్కటెముక మీద ఎముకను దాటి బయటికి వచ్చిన గడ్డ, రెండు వెన్నుపూసల్లో కొత్త మచ్చలు కనిపించాయి.

మజ్జ స్లైడ్ దగ్గర

పాత స్లైడునూ కొత్త స్లైడునూ పక్కపక్కన పెట్టుకుని పాథాలజిస్టుతో కలిసి రెండు తలల మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నాను. ఈ కేసులో నాకు ఎక్కువ నేర్పింది ఆ అరగంటే.

మొదటి స్లైడులో ప్లాస్మా కణాలు పాఠ్యపుస్తకంలో బొమ్మల్లాగే ఉన్నాయి. గుండ్రటి కేంద్రకం ఒక పక్కకు జరిగి ఉంది. చుట్టూ ముదురు నీలం రంగులో విశాలమైన సైటోప్లాజం. కేంద్రకాన్ని ఆనుకుని ఒక చోట మాత్రం రంగు తేలిపోయి, నెలవంక ఆకారంలో తెల్లటి ఖాళీ. దాన్ని హాఫ్ అంటారు. యాంటీబాడీలను సర్ది బయటికి పంపే గాల్జీ సముదాయం ఉండే చోటు అది. ముదురు నీలం రంగు ప్రోటీన్ తయారీ ఎంత జోరుగా ఉందో చెబుతుంది, తెల్లటి నెలవంక ఎగుమతి ఎంత జోరుగా ఉందో చెబుతుంది.

కొత్త స్లైడులో మజ్జలో నలభై శాతం దాకా అసాధారణ కణాలు. కేంద్రకం కణం మధ్యకు వచ్చేసింది, లోపల పెద్ద న్యూక్లియోలస్. సైటోప్లాజం సన్నటి అంచుగా మిగిలింది. నెలవంక చాలా కణాల్లో లేనే లేదు. కణాల మీది గుర్తులను చూసే ఫ్లో సైటోమెట్రీలో, పరిణతి చెందిన ప్లాస్మా కణం గుర్తైన సీడీ138 మసకబారింది. ఇంకో గుర్తు సీడీ38 మాత్రం బాగానే ఉంది. ఈ చివరి సంగతి అప్పుడు ఒక అంకెగానే రాసుకున్నాను, తర్వాత దాని మీదే అంతా ఆధారపడింది.

కణం ఏం చేసినట్టు

ప్రోటీసోమ్ మందుకు కణాలు ఎదురునిలిచే దారులు చాలా ఉన్నాయి. ప్రోటీసోమ్‌లో మందు అతుక్కునే ఉపభాగమే మారిపోవడం ప్రయోగశాలలో తరచుగా కనిపిస్తుంది, రోగుల్లో అరుదు. ఎక్కువగా ఆలోచించవలసినవి ఒత్తిడి ప్రతిస్పందనలే. ప్రోటీసోమ్‌ను అడ్డుకోగానే ఎన్ఆర్ఎఫ్1 అనే ప్రోటీన్ మేల్కొని కొత్త ప్రోటీసోమ్‌లు కట్టిస్తుంది. 2010లో ఈ సంగతి బయటపడింది. హెచ్ఎస్ఎఫ్1 అనే ప్రోటీన్, మిగతా ప్రోటీన్లు పాడవకుండా కాపాడే హీట్ షాక్ ప్రోటీన్లను పెంచుతుంది. చెత్తను మూటగట్టి, కణం తన చెత్తను తానే అరిగించుకునే ఆటోఫేజీ దారిలో పంపే ఇంకో ఏర్పాటు ఉంది. ఇవన్నీ సామర్థ్యాన్ని పెంచుకునే దారులు.

రెండో రకం దారి వేరు: భారాన్నే తగ్గించుకోవడం. బి కణం ప్లాస్మా కణంగా పరిణతి చెందాలంటే ఎక్స్‌బీపీ1 కావాలని 2001లోనే లారీ గ్లిమ్చర్ బృందం చూపించింది. అంటే ఒత్తిడిని సర్దుకునే ప్రోటీనూ, యాంటీబాడీ కర్మాగారాన్ని కట్టించే ప్రోటీనూ ఒకటే. 2013లో టొరంటో పరిశోధకులు బోర్టెజోమిబ్‌కు లొంగని రోగుల మజ్జలో, ఎక్స్‌బీపీ1 పని ఆగిపోయిన, పరిణతి తక్కువైన కణాలను గుర్తించారు. అవి యాంటీబాడీ తక్కువగా చేస్తాయి. కాబట్టి వాటిలో చెత్తా తక్కువే, ప్రోటీసోమ్ ఆగినా వాటికి ప్రాణం మీదకు రాదు.

మా రోగి విషయంలో ఎక్స్‌బీపీ1ను నేరుగా కొలవలేదు. మామూలు ఆసుపత్రి ప్రయోగశాలలో చేసే పరీక్ష కాదది. కాబట్టి ఇది నిరూపణ కాదు, అన్వయం. కానీ తగ్గిన స్రావం, మాయమైన హాఫ్, మసకబారిన సీడీ138, మందు మీద ఉండగానే పెరిగిన గడ్డ, నాలుగూ ఒకే కథ చెబుతున్నాయి. బోర్టెజోమిబ్ ఎక్కువగా స్రవించే కణాలను చంపింది, అందుకే ఎం ప్రోటీన్ తగ్గింది. తక్కువగా స్రవించేవి మిగిలి పెరిగాయి, అందుకే మనిషి క్షీణించారు. అందుకే ఈ మందు విఫలమైందని చెప్పడానికి కూడా నాకు మనసొప్పదు. తన పని తాను చేసింది, ఆ పని జరిగిన చోటే దాని ఉపయోగం అయిపోయింది.

పనిచేయనిది

తర్వాతి అడుగు కార్‌ఫిల్‌జోమిబ్. ఇదీ ప్రోటీసోమ్‌ను అడ్డుకునే మందే. అనుమానం ఇంత గట్టిగా ఉన్నప్పుడు మళ్లీ అదే గురి మీద మందు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మూడు కారణాలున్నాయి. కార్‌ఫిల్‌జోమిబ్ ప్రోటీసోమ్‌ను తిరిగి వదలదు, కాబట్టి ఎన్ఆర్ఎఫ్1 దారిలో సామర్థ్యం పెంచుకున్న కణాలుంటే వాటిని పట్టుకోవచ్చు. బోర్టెజోమిబ్ విఫలమైనవారిలో కూడా కొందరికి అది పనిచేస్తుంది. 2012లో అమెరికాలో దానికి అనుమతి తెచ్చిన 266 మంది అధ్యయనంలో స్పందన 23.7 శాతం. మూడోది ఖర్చు. డారటుముమాబ్ కోసం డబ్బు సమకూరడానికి కుటుంబానికి వ్యవధి కావాలి, జబ్బు ఆగదు. బోర్టెజోమిబ్ కన్నా ఇది దాదాపు రెట్టింపు కాలం జబ్బును అదుపులో ఉంచిందని చూపిన ఎండెవర్ అధ్యయనాన్ని, అంటే 18.7 నెలలకు 9.4 నెలల ఫలితాన్ని, ఇక్కడ చూపించి ఆశపెట్టడం మాత్రం సరికాదు. బోర్టెజోమిబ్ మీద ఉండగానే జబ్బు పెరిగిన ఈయన లాంటివారిని ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు.

అందుకని మొదలుపెట్టే ముందే ఫైలులో ఒక హద్దు రాశాం. రెండు సైకిళ్ల తర్వాత ఎల్‌డీహెచ్, హిమోగ్లోబిన్, పక్కటెముక గడ్డ పరిమాణం చూడాలి. ఎం ప్రోటీన్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. ముందే రాయకపోతే ఆశ మనల్ని మూడో సైకిల్‌కూ నాలుగో సైకిల్‌కూ లాక్కుపోతుంది, ముఖ్యంగా ఏదో ఒక అంకె తగ్గుతూ కనిపిస్తున్నప్పుడు. గుండె ఎకో చూసి, రక్తపోటు అదుపులో పెట్టి ఇచ్చాం.

ఎం ప్రోటీన్ 0.5కి తగ్గింది. ఎల్‌డీహెచ్ పెరిగింది, గడ్డ పెరిగింది, రక్తపోటుకు రెండో మాత్ర అవసరమైంది. ఆపేశాం.

ఆలోచించి ఇవ్వనివి

ఒత్తిడి ప్రతిస్పందనల మీదే దెబ్బ తీయవచ్చు కదా అన్న ఆలోచన మాకూ వచ్చింది. నెల్ఫినావిర్ అనే పాత హెచ్ఐవీ మందు ఈ విషయంలో ఆసక్తికరం. అది మడత పడని ప్రోటీన్ల ఒత్తిడిని పెంచుతుంది, ఎన్ఆర్ఎఫ్1ను మేల్కొలిపే ఎంజైమును అడ్డుకుంటుంది. స్విట్జర్లాండ్‌లో ప్రోటీసోమ్ మందులకు లొంగని 34 మందికి బోర్టెజోమిబ్‌తో కలిపి ఇస్తే 65 శాతం మందిలో స్పందన వచ్చిందని 2018లో ప్రచురించారు. చిన్న అధ్యయనమైనా ఆ అంకె తీసిపారేసేది కాదు. అయినా ఇవ్వలేదు. పోల్చడానికి రెండో గుంపు లేని అధ్యయనం అది. హెచ్ఐవీ చికిత్సలోనే వాడకం తగ్గిపోయిన మందు నెలల తరబడి ఆగకుండా దొరుకుతుందన్న భరోసా లేదు. ఎముకను దాటి పెరుగుతున్న గడ్డ ఉన్నప్పుడు అలాంటి ప్రయోగానికి సమయమూ లేదు.

ఆటోఫేజీని అడ్డుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఉన్నవి తొలిదశ ఫలితాలు మాత్రమే. చెత్త మూటగట్టే దారిని అడ్డుకునే పానోబినోస్టాట్‌కు 2015లో అమెరికా అనుమతి వచ్చింది, తర్వాత ఆ అనుమతే పోయింది. దానితో వచ్చే తీవ్రమైన విరేచనాలను అప్పటికే బక్కచిక్కిన ఈయన తట్టుకోలేరు. పైగా ఈ మూడూ సామర్థ్యాన్ని దెబ్బకొట్టే ఉపాయాలు. మా అంచనా ప్రకారం ఈ కణాలు వదిలించుకున్నది భారాన్ని. అలాంటప్పుడు అదే తలుపును ఇంకా గట్టిగా తట్టడంలో అర్థం లేదనిపించింది.

పనిచేసినది

గురి మార్చాలి. కణం యాంటీబాడీ చేసినా చేయకపోయినా దాని మీద ఉండే గుర్తేదైనా కావాలి. ఫ్లో నివేదికలో సీడీ38 నిలిచే ఉందన్న మాట ఇక్కడ ఉపయోగపడింది. డారటుముమాబ్ పట్టుకునేది దాన్నే. దానికి జతగా పొమాలిడొమైడ్, డెక్సామెథసోన్ ఎంచుకున్నాం. పొమాలిడొమైడ్ సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌ను వాడుకుని, ఇకారోస్, అయోలోస్ అనే రెండు ప్రోటీన్లను నాశనం చేయిస్తుంది. లెనాలిడొమైడ్ విఫలమైనవారిలోనూ పనిచేయవచ్చు. ఈ జంటకు డారటుముమాబ్ చేర్చితే జబ్బు అదుపులో ఉండే కాలం 6.9 నెలల నుంచి 12.4 నెలలకు పెరిగిందని అపోలో అధ్యయనం 2021లో చూపించింది. ఈ నిజాయితీ గల అంకెనే కుటుంబానికి చెప్పాం. బంధువులంతా కలిసి డబ్బు సర్దారు.

"కార్‌ఫిల్‌జోమిబ్ కూడా కలిపితే ఇంకా బలం కదా?" అన్నాడు కుమారుడు. ఈపాటికి అతను నా కన్నా ఎక్కువ చదువుతున్నాడు. ఇక్కడో చిక్కు ఉంది. పొమాలిడొమైడ్ గుర్తు పెట్టించిన ప్రోటీన్లను చివరికి ముక్కలు చేసేది ప్రోటీసోమే. ఆచరణలో ఈ రెండు రకాల మందులూ కలిసి బాగానే పనిచేస్తున్నాయి, కాబట్టి ఆ వైరుధ్యాన్ని పెద్దది చేయను. కానీ ఈ కణాల మీద పనిచేయలేదని ఇప్పుడే తేలిన మందును రక్తపోటు భారంతో సహా మోయించడానికి కారణం కనిపించలేదు.

మొదటి డోసుకు ముందు చేయవలసిన పనులను నర్సుల బల్ల మీద కాగితంగా అంటించాం. వీటిలో రక్తనిధికి చెప్పడం అన్నిటికన్నా ముఖ్యం. ఎర్రకణాల మీద కూడా కొద్దిగా సీడీ38 ఉంటుంది. డారటుముమాబ్ దానికి అతుక్కుని, ఎక్కించే రక్తం సరిపోతుందో చూసే క్రాస్ మ్యాచ్ పరీక్షలను తారుమారు చేస్తుంది. మందు పడ్డాక అత్యవసరంగా రక్తం కావలసి వస్తే రక్తనిధి తల పట్టుకుంటుంది. అందుకే గ్రూపుతో పాటు ఎర్రకణాల వివరమైన టైపింగ్ ముందే చేయించి, రోగి జేబులో ఉండే కార్డు మీద రాయించాం. హెపటైటిస్ బి పరీక్ష, సర్పి రాకుండా ఎసైక్లోవిర్, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ కూడా ఆ కాగితంలో ఉన్నాయి. పక్కటెముకకు 8 గ్రేల రేడియేషన్ ఒకే విడతలో ఇప్పించాం. కొన్నాళ్లకే ఆయన ఆ పక్కకు తిరిగి పడుకోగలిగారు.

రెండో సైకిల్‌లో ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ బాగా తగ్గి జ్వరం వచ్చింది, ఆసుపత్రిలో చేర్చాం. పొమాలిడొమైడ్‌ను 4 మిల్లీగ్రాముల నుంచి 3కి తగ్గించాం. ఆ తర్వాత నిలకడగా సాగింది. ఆరో నెల పెట్ స్కాన్‌లో గడ్డ చల్లబడింది. మజ్జలో ప్లాస్మా కణాలు 5 శాతం లోపు. హిమోగ్లోబిన్ 11.2.

మా దగ్గర మారిన పద్ధతులు

ఇప్పుడు తిరగబెట్టిన ప్రతి మైలోమాకూ ఎం ప్రోటీన్ పక్కన మరో మూడు గడులు గీస్తున్నాం: హిమోగ్లోబిన్, ఎల్‌డీహెచ్, కొత్త నొప్పి. ఎం ప్రోటీన్ ఒక దిక్కుకు, ఈ మూడింటిలో రెండు ఇంకో దిక్కుకు వెళ్తే తర్వాతి సైకిల్ కన్నా ముందే స్కాన్, మజ్జ పరీక్ష. మజ్జ నివేదికలో శాతంతో పాటు కణాల పరిణతి, హాఫ్ ఉన్నదీ లేనిదీ, సీడీ38, సీడీ138 తీవ్రత రాయమని పాథాలజిస్టులను అడుగుతున్నాం. ఖర్చు లేని పని ఇది, కావలసింది అడగడమే.

పైమందుల గురించి "ఏమైనా వాడుతున్నారా?" అని అడిగితే లేదనే అంటారు. గ్రీన్ టీని, విటమిన్ మాత్రను మందుగా ఎవరూ లెక్కపెట్టరు. పేరు పెట్టి అడగాలి. మా రోగి విషయంలో అవి కథను మార్చలేదు, కానీ బోర్టెజోమిబ్ తీసుకునే మరొకరిని అవి మోసం చేయవచ్చు.

ఒక మందు విఫలమైనప్పుడు దాని కన్నా బలమైన సోదరుడిని వెతకడం మాకందరికీ అలవాటు. విఫలమైన తీరును బట్టి వెతకాలి. కణం సామర్థ్యం పెంచుకుని నిలిచిందనిపిస్తే అదే గురి మీద గట్టి మందుకు అవకాశం ఉంది. భారం వదిలించుకుందనిపిస్తే గురి మార్చడం మేలు. ఈ రెండింటినీ వేరుచేసే పరీక్ష మామూలు ల్యాబుల్లోకి వచ్చేదాకా స్లైడు, స్కాన్, రోగి చెప్పే నొప్పి, ఇవే ఆధారాలు.

ఇప్పటి పరిస్థితి

డారటుముమాబ్ మొదలై ఏడాది దాటింది. ఇటీవల ఎలక్ట్రోఫొరెసిస్‌లో చిన్న ఐజీజీ కప్పా గీత కనిపించింది. డారటుముమాబ్ కూడా ఐజీజీ కప్పా యాంటీబాడీయే. అది మందు గీత కావచ్చు, జబ్బు గీత కావచ్చు. అయితే మందు గీత చాలా సన్నగా ఉంటుంది, నెలనెలా పెరగదు. ఈ గీత 0.2 నుంచి 0.4కి వచ్చింది, ఫ్రీ కప్పా కూడా కొద్దిగా పెరిగింది. కాబట్టి జబ్బే అనుకుంటున్నాం. పెట్ స్కాన్‌లో కొత్తవేమీ లేవు. మజ్జలో ఉన్న కొద్దిపాటి ప్లాస్మా కణాలు మాత్రం ఈసారి పరిణతి చెందినవే, సైటోప్లాజం విశాలంగా ఉంది, కొన్నింటిలో హాఫ్ కనిపిస్తోంది. భారం మోసే కణాలు తిరిగి వచ్చి ఉంటే ప్రోటీసోమ్ మందుకు మళ్లీ చోటు ఉండవచ్చు. ఇది ఇంకా అనుమానమే, ఒక్క స్లైడు మీద చికిత్స మార్చడం లేదు. లక్షణాలు లేవు, ఎముకలు నిలకడగా ఉన్నాయి కాబట్టి ఉన్న మందులే కొనసాగుతున్నాయి. వచ్చే నెల ఎల్‌డీహెచ్, ఫ్రీ లైట్ చెయిన్లు మళ్లీ చూస్తాం. గీత ఇంకా పెరిగితే మజ్జ తీసి సీడీ38 ఎంత మిగిలిందో ముందు తేల్చుకుంటాం.